ఐటీలో ఆడవాళ్ళు లీడ్ అయి, ఇంకా పైకి వెళ్ళాలంటే నిజంగా ఏది కలిసొస్తుంది?

ఏడేళ్ళ అనుభవం ఉంది, రేటింగ్ బాగానే వస్తోంది, లీడ్ పోస్టు, అంటే ఒక టీమ్‌ని నడిపే పోస్టు, మాత్రం రావడం లేదు, పైకి వెళ్ళిన ఆడవాళ్ళకి ఏం కలిసొచ్చింది అని అడిగారు. నేను 2006లో హైదరాబాద్‌లో ట్రైనీగా చేరాను. ఇప్పుడు 140 మంది ఉన్న డెలివరీ టీమ్ చూస్తున్నాను. నాకు జరిగింది చెప్తాను.

2012లో బాబు పుట్టాడు. అప్పట్లో ప్రసూతి సెలవు 12 వారాలే. వాడికి పది నెలలప్పుడు క్లయింట్ దగ్గర మూడు నెలలు పనిచేసే అవకాశం వచ్చింది. ఆ క్లయింట్ వాడే సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగం మొదటి నుంచీ నేను రాసిందే. వెళ్ళింది మాత్రం వేరే అతను. క్యాంటీన్‌లో ఎవరో మాట్లాడుకుంటుంటే తెలిసింది నాకు. మేనేజర్‌ని అడిగితే, "చిన్న పిల్లాడు కదమ్మా, ఇబ్బంది పడతావని నీ పేరు పెట్టలేదు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, నా మంచి కోసమే అనుకున్నారు. కానీ అమ్మ వచ్చి ఉంటానంది, మా ఆయనకీ అభ్యంతరం లేదు. నన్ను ఒక్క మాట అడగలేదు, అంతే. మరుసటి ఏడాది నాకు లీడ్ ఇవ్వకపోవడానికి రాసిన కారణం "క్లయింట్‌తో నేరుగా పనిచేసిన అనుభవం తక్కువ". ఆ కాగితం చదివి వాష్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

తర్వాత వచ్చిన మేనేజర్ పిలిచి, "కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్నప్పుడు రాత్రి కాల్స్ ఉంటాయి. నువ్వు చేయాలంటే ఏం కావాలి?" అని అడిగారు. తొమ్మిది తర్వాత కాల్స్ ఇంటి నుంచి తీసుకుంటాను, ఆఫీసులో ఆలస్యమైతే ఇంటి గుమ్మం దాకా క్యాబ్ కావాలి అన్నాను. వారంలో రెండూ ఏర్పాటు చేశారు. ఆ ఏడాదే లీడ్ అయ్యాను. నా తెలివి ఒక్క ఏడాదిలో ఏమీ పెరగలేదు కదా.

ఇప్పుడు ప్రమోషన్లు తేల్చే మీటింగులో నేనూ కూర్చుంటాను. తెర మీద ఎక్సెల్ షీటు, ఒక్కో పేరుకి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో మన గురించి గట్టిగా మాట్లాడే మనిషి ఒకరుండాలి. "ఆవిడకి ఈమధ్యే పెళ్ళయింది, వచ్చే ఏడాది చూద్దాం" అని ఇప్పటికీ వింటుంటాను. "ఆమెను అడిగారా?" అంటే గదిలో ఎవరూ మాట్లాడరు. సలహాలిచ్చే సీనియర్లు చాలామంది దొరుకుతారు. మీరు లేని చోట మీ పేరు ఎత్తే సీనియర్ దొరకడం వేరు. అలాంటివాళ్ళకి మీ పని కళ్ళారా కనిపించాలి.

అందుకే ఏ పని చేస్తున్నారో చూసుకోండి. మీటింగ్ నోట్సు, కొత్తవాళ్ళకి ట్రైనింగ్, పండగ కమిటీ, ఇవన్నీ మన మీదికే వస్తాయి. మంచి పనులే, కానీ షీటులో ఎక్కడా కనిపించవు. ప్రొడక్షన్‌లోకి, అంటే నిజమైన వాడకంలోకి వెళ్ళేది, క్లయింట్ డబ్బు కట్టేది, పాడైతే మీకే ఫోన్ వచ్చేది ఒక్కటైనా మీ పేరు మీద ఉండాలి. విజయవాడలో పుట్టిన పద్మశ్రీ వారియర్ 1984లో మోటరోలాలో చేరి, సెమీకండక్టర్ విభాగంలో ఇంజినీరుగా పనిచేస్తూ ఎదిగి 2003లో ఆ కంపెనీకే సీటీఓ, అంటే టెక్నాలజీ అంతటికీ పెద్ద, అయ్యారు.

మీరు ఆగిపోయిన మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. అమెరికా, కెనడా కంపెనీల మీద మెకిన్సీ, లీన్‌ఇన్ సంస్థలు చేసిన 2023 సర్వేలో, మొదటిసారి మేనేజర్లయిన మగవాళ్ళు 100 మంది ఉంటే ఆడవాళ్ళు 87 మందే. అక్కడ తగ్గితే పై మెట్లకి పోటీ పడేవాళ్ళే తగ్గిపోతారు.

మన దేశంలో ప్రసూతి సెలవు చట్టానికి 2017లో వచ్చిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు వచ్చింది, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి. అది నిజంగా నడుస్తోందో లేదో వెళ్ళి చూసుకోండి. ఇంట్లో పనీ బాధ్యతా పంచుకునే మనిషి లేకపోతే మాత్రం ఈ సౌకర్యాలు సగమే ఉపయోగపడతాయి.

మీ దగ్గర అప్రైజల్, అంటే ఏడాది పని లెక్కగట్టి ప్రమోషన్లు తేల్చేది, ఎప్పుడో రాయలేదు. మా దగ్గర ఏప్రిల్‌లో లెటర్లు వస్తాయి, పేర్లు జనవరిలోనే రాసేస్తారు. చాలామంది ఏప్రిల్‌లో వచ్చి అడుగుతారు, అప్పటికి నా చేతిలో ఏమీ ఉండదు. మీరు డిసెంబర్‌లోనే మేనేజర్‌తో కూర్చుని, "నాకు లీడ్ కావాలి, ప్రయాణాలకి సిద్ధం, నా తరఫున వద్దని మాత్రం అనకండి" అని నోరు తెరిచి చెప్పండి. అదే రోజు ఒక మెయిల్ కూడా పెట్టండి.