అక్క లేని పాఠం

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. ఇంగ్లిష్‌లో పోలిక చెప్పే కంపారిటివ్, సూపర్‌లేటివ్ దగ్గర ఆగిపోయాడు. ‘గుడ్డర్’ అంటాడు, ‘మోర్ టాలర్’ అని రాస్తాడు. ఏడో తరగతి చదివే వాళ్లక్కకి ఇవన్నీ కంఠతా వచ్చు. అక్కను చూసి నేర్చుకోమంటే ఏడుస్తూ పుస్తకం మూసేస్తున్నాడు. పరీక్షలొస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, ‘గుడ్డర్’ గురించి కంగారు పడకండి. అది వాడికి ఎవరూ నేర్పలేదు. టాలర్, స్మాలర్ విని సూత్రం తనే పట్టుకుని గుడ్‌కీ తగిలించాడు. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడే పిల్లలూ చిన్నప్పుడు ఇలాగే అంటారు. ‘అవును, ఇదే బెటర్’ అని సరైన మాట మీరు అనేసి ముందుకెళ్లండి, చాలు.

‘మోర్ టాలర్’ సంగతి వేరు. తెలుగులో ‘అన్నకంటే పొడుగు’, ‘అందరికంటే పొడుగు’ అంటాం. పొడుగు అలాగే ఉంటుంది, పనంతా ‘కంటే’ చేస్తుంది. ఇంగ్లిష్‌లో మాట చివర ‘-ఎర్’, ‘-ఎస్ట్’ అనే తోకైనా రావాలి, ముందు మోర్ అయినా రావాలి. రెండూ కలిసి రావు. టాల్, బిగ్ లాంటి పొట్టి మాటలకు తోక. బ్యూటిఫుల్, డిఫికల్ట్ లాంటి పొడుగు మాటలకు మోర్, మోస్ట్. ఈ వయసుకి ఇంతకుమించి వ్యాకరణం అక్కర్లేదు. స్పెల్లింగులు తర్వాత చూసుకోవచ్చు.

నన్ను ఆలోచనలో పడేసింది వాడి ఏడుపు. పాఠమే పోలికల పాఠం, మీ ఇంట్లో ఉదాహరణ ఎప్పుడూ అక్క. అక్క క్లెవరర్, అక్క రాత నీటర్. ఆ వాక్యాల్లో వాడికి దక్కేది ఎప్పుడూ ‘దాన్’ (కంటే) తర్వాతి చోటే. అది ఇంగ్లిష్ మీద విసుగని నేననుకోను.

కొన్నాళ్లు అక్కను ఉదాహరణల్లోంచి తీసేయండి. వంటింట్లో మూడు గిన్నెలు వరసగా పెట్టి బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్ అనిపించండి. మ్యాప్ తీసి గోదావరి, కృష్ణ చూపించండి. గోదావరి లాంగర్, దక్షిణ భారతంలో లాంగెస్ట్ కూడా అదే. గ్రహాలంటే ఇష్టమైతే బుధుడు స్మాలెస్ట్, గురుడు బిగ్గెస్ట్. లాంగెస్ట్, బిగ్గెస్ట్ ముందు ‘ద’ పెట్టడం అప్పుడే అలవాటు చేయండి. రోజుకు పది నిమిషాలు మించొద్దు, వాడు లేచిపోతే వదిలేయండి.

తమ్ముడికి తనే చెబుతానని అక్క ముచ్చటపడితే కాదనకండి. కాకపోతే ఆమెను కావాలని తప్పు వాక్యాలు చెప్పమనండి, వాడు దిద్దుతాడు. ఈసారి పరీక్షలో రెండు మార్కులు పోతే పోనివ్వండి.