తోట అమ్మి విమానం కట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. నా వయసు 44, ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజనీరుని. నా భార్య ప్రభుత్వ టీచరు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.65 లక్షలు చేతికొస్తాయి. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, అబ్బాయి ఎనిమిదో తరగతి. హోమ్ లోన్ ఇంకా 14 లక్షలుంది, వాయిదా 24 వేలు. పీఎఫ్‌లో 21 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 11 లక్షలు, ఎఫ్‌డీ 4 లక్షలు, ఇంట్లో 40 సవర్ల బంగారం ఉన్నాయి. కోటి రూపాయల టర్మ్ పాలసీ ఉంది, భయం లేదు. కిట్ తెప్పించుకుని రెండు సీట్ల విమానం నా చేతులతో బిగించుకోవాలన్నది కాలేజీ రోజుల నుంచీ ఉన్న కోరిక. బ్రిటన్‌లో కేరళ ఇంజనీరు ఇంటి దగ్గరే విమానం కట్టాడని చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. కిట్ 30 వేల డాలర్లు, అంటే 27 లక్షలని ఇంట్లో చెప్పాను. ఇంజన్ 25 వేల డాలర్లు, పరికరాలు, ప్రొపెల్లర్, రంగు అన్నీ కలిపి ఇంకో 15 వేల డాలర్లు అవుతాయి. బంగారుపాళ్యం దగ్గర తాతల నాటి మామిడి తోట రెండెకరాల ముప్పై సెంట్లకు 70 లక్షలిస్తామంటున్నారు. అమ్మేయమంటారా? లేకపోతే బంగారం కుదువ పెట్టి మొదలుపెట్టమంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చిన్నప్పుడు రేణిగుంట విమానాశ్రయం కంచె పక్కన సైకిలు ఆపి గంటలు గంటలు నిలబడ్డవాణ్ణి నేనూ. అందుకే ఇది పిచ్చి కోరిక అనను. మీరు విమానం కట్టుకోవాలనే నా ఆశ కూడా. కానీ తోట అమ్మకండి, బంగారం కుదువ పెట్టకండి. ఈ రెండూ చేయకుండానే దారి ఉంది. కాకపోతే అది ఎనిమిదేళ్ళ దారి.

ముందు అసలు ఖర్చు చూద్దాం. మీరు రాసిన మూడు అంకెలూ కలిపితే 70 వేల డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 63 లక్షలు. కంటైనర్‌లో చెన్నై రేవుకు చేర్చడానికి, దారిలో బీమాకు 4 లక్షలు వేసుకుందాం. 67 లక్షలయింది. అసలు చిక్కు రేవులో ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత అవసరానికి కొనే విమానం మీద జీఎస్టీ 40 శాతం. విమాన విడిభాగాలకైతే 5 శాతమే. కిట్ అంటే విడిభాగాలే కదా అంటారు మీరు. కస్టమ్స్ వర్గీకరణ నియమాల్లో ఒకటుంది: బిగించకుండా ముక్కలుగా తెచ్చిన వస్తువును కూడా పూర్తి వస్తువు కిందే లెక్కిస్తారు. అంటే అధికారి దాన్ని విమానమే అనడానికి ఆధారం ఉంది. 67 లక్షల మీద 5 శాతమైతే మొత్తం 70 లక్షల పైచిలుకు, సరిగ్గా మీ తోట డబ్బు. 40 శాతమైతే 94 లక్షలకు చేరుతుంది. కస్టమ్స్ సుంకం పడితే అది వేరే. ఒక్క మాట తేడాతో 23 లక్షలకు పైగా మారిపోయే లెక్క మీద తాతల భూమిని పెట్టడం నాకు మనసొప్పదు.

దీనికి ఉపాయం లేకపోలేదు. కస్టమ్స్ శాఖలోనే ముందస్తు తీర్పులిచ్చే అథారిటీ ఉంది. సరుకు ఆర్డర్ చేయకముందే, దాన్ని దేని కింద లెక్కిస్తారో, పన్ను ఎంతో అడిగితే రాతపూర్వకంగా చెబుతారు. ఫీజు, కన్సల్టెంటు ఖర్చు అవుతాయి, అవనివ్వండి. ఇంజన్ ఒకసారి, రెక్కలు ఇంకోసారి తెప్పిస్తే ఎవరికీ తెలియదని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. తర్వాత బయటపడితే పన్నుతో పాటు వడ్డీ, జరిమానా కట్టాలి.

ఇక మీరు చదివిన ఆ కేరళ ఇంజనీరు సంగతి. అశోక్ తామరాక్షన్ కట్టింది దక్షిణాఫ్రికాలో తయారయ్యే నాలుగు సీట్ల స్లింగ్ కిట్. ఖర్చు 1.4 లక్షల పౌండ్లని పత్రికలు రాశాయి. ఆయన 2018లోనే పైలట్ లైసెన్సు తీసుకుని, అద్దె విమానాలు నడిపి, ఆ తర్వాతే కిట్ కొన్నారు. పైగా బ్రిటన్‌లో ఇంట్లో విమానం కట్టేవాళ్ళ పనిని దశలవారీగా తనిఖీ చేసే సంఘం ఎన్నో ఏళ్ళుగా ఉంది. మన దేశంలో అయితే కెప్టెన్ అమోల్ యాదవ్ కథ చూడండి. ఆయన స్వయంగా పైలట్. ముంబైలో కాందివలీలో తాము ఉండే భవనం పైకప్పు మీద ఆరు సీట్ల విమానం తయారు చేశారు. 2016లో ముంబైలో జరిగిన మేకిన్ ఇండియా ప్రదర్శనలో దేశమంతా చూసింది. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నుంచి రిజిస్ట్రేషన్ వచ్చింది 2017లో. ఎగరడానికి అనుమతి వచ్చేసరికి 2019. కట్టడం ఆయన చేతుల్లో ఉన్న పని, కాగితం ఆయన చేతుల్లో లేదు. ఆ ఏళ్ళన్నీ షెడ్డులో నిలబడిన విమానానికి మీరు వడ్డీ కడుతూ ఉంటే ఇల్లు ఏమవుతుందో ఆలోచించండి. బంగారం అప్పు వద్దనడానికి కారణం ఇదే. ఏడాది తిరిగేసరికి తిరగరాయాలి, వడ్డీ కట్టాలి. విమానమేమో ఒక్క రూపాయి కూడా సంపాదించి పెట్టదు.

తోట విషయంలో ఇంకో మాట. ఊరి పొలానికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు, చేతికి మొత్తం వస్తుంది అని కొనేవాళ్ళు చెప్పి ఉంటారు. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న పల్లె భూమికి అది నిజమే. కానీ తాతల నాటి ఆస్తి అంటున్నారు. మీకు అక్కాచెల్లెళ్ళు ఉన్నారో లేదో రాయలేదు. పిత్రార్జితంలో ఆడపిల్లకు సమాన వాటా మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. తోబుట్టువు ఉంటే ఆ 70 లక్షలూ మీ ఒక్కరివే కావు. 2025లో తోతాపురి మామిడి ధర ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలివ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని చెప్పినా రైతు ట్రాక్టర్లు రోజుల తరబడి ఫ్యాక్టరీ గేట్ల ముందు నిలబడ్డాయి. విసిగిపోయి అమ్మాలనిపించడం సహజం. అయినా ధర పడిన ఏడాది వచ్చిన బేరానికి తొందరపడి ఒప్పుకోవద్దు.

మీ నెల ఖర్చులు ఉత్తరంతో పంపిన కాగితంలో చూశాను. వాయిదా 24 వేలు, ఇంటి ఖర్చు 62, పిల్లల చదువు 18, అమ్మానాన్నలకు 8, బీమా 5, చీటీ 10, సిప్ 15. మొత్తం 1.42 లక్షలు. మిగిలేది 23 వేలు. ఈ 23 వేలే మీ విమానానికి పునాది.

మొదటి ఏడాది ఆ 23 వేలూ విమానానికి కాదు. జీతం ఆగిపోయినా ఆరు నెలలు నెట్టుకురావడానికి చీటీ, సిప్ వదిలేసినా మీ ఇంటికి దాదాపు 7 లక్షలు కావాలి. ఎఫ్‌డీలో ఉన్నది 4. వడ్డీతో కలిపి ఏడాదిలో అది నిండుతుంది. అమ్మాయి ఇంజనీరింగ్‌కు ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 3 లక్షలనుకుంటే నాలుగేళ్ళకు 12. అది ఫండ్లలోని 11 లక్షల నుంచి వస్తుంది, దాన్ని విమానం పేరుతో తాకొద్దు. సిప్ అబ్బాయికోసం నడవనివ్వండి. 8.25 శాతం వడ్డీ ఇస్తున్న పీఎఫ్ వైపు చూడనే చూడొద్దు.

ఈ లోపు చీటీ అయిపోతుందని ఖర్చుల కాగితంలో రాశారు. రెండో ఏడాది నుంచి 23కు ఆ పది కలిపి 33 వేలు విడిగా ఒక ఖాతాలో వేయండి. హోమ్ లోన్ ఇదే వాయిదాతో ఇంకో ఆరేళ్ళ మూడు నెలల్లో తీరుతుంది. అప్పటికి ఆ ఖాతాలో 6.5 శాతం వడ్డీతో 24 లక్షలకు పైగా చేరతాయి. దానిలోంచే పైలట్ లైసెన్సు. మన దేశంలో ప్రైవేటు పైలట్ లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలి. గంటకు 15 వేలనుకుంటే 6 లక్షలు. మిగిలేది 18. లోన్ తీరాక వాయిదా డబ్బు కూడా కలుస్తుంది, నెలకు 57 వేలు. ఇంకో 21 నెలలకు 30 లక్షలు దాటుతారు. 94 లక్షల్లో మూడో వంతు అంతే. అంటే మీలాంటి ఇంకో ఇద్దరు కావాలి. మీ ఫ్యాక్టరీలో, తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీల్లో, బెంగళూరు విమాన పరిశ్రమలో చేసి రిటైరయి వచ్చిన వాళ్ళలో దొరుకుతారు. వాటాలు, మధ్యలో తప్పుకుంటే ఏం చేయాలి, ఎవరు ఎన్ని గంటలు ఎగరాలి అన్నీ స్టాంపు కాగితం మీద రాసుకోండి. స్నేహితులు కాబట్టే రాసుకోవాలి.

కానీ నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం: "కోటి రూపాయల టర్మ్ పాలసీ ఉంది, భయం లేదు." పాలసీ తీసుకున్నప్పుడు ప్రమాదకరమైన అలవాట్లు, ఆటలు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. అప్పుడు లేవు, లేవన్నారు, అది నిజమే. ఇప్పుడు కొత్తగా విమానం నడపబోతున్నానని కంపెనీకి రాసి, క్లెయిము ఇస్తారో లేదో వాళ్ళ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇక ప్రమాద బీమా, టర్మ్ పాలసీకి అదనంగా తగిలించే యాక్సిడెంట్ రైడర్. వీటిలో సాధారణంగా ఉండే షరతు, టికెట్టు కొనుక్కుని మామూలు విమానంలో ప్రయాణించేటప్పుడు తప్ప, ఇంకే రకంగా గాల్లో ఉన్నా పరిహారం లేదు అన్నదే. మీరే నడిపే విమానం ఆ "ఇంకే రకం" కిందికి వస్తుంది. ఫ్యాక్టరీ ఇచ్చే గ్రూపు పాలసీ కూడా తీసి చదవండి. మొదటిసారి ఎగరకముందే, ఏదీ దాచకుండా, విమానయానాన్ని కలుపుకునే రక్షణ తీసుకోవాలి. దాని ప్రీమియం ఎక్కువైతే అది కూడా విమానం ఖర్చులోకే రాయండి. మీ భార్య, పిల్లలు ఈ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంటారు.

కిట్ కంపెనీకి డబ్బు పంపడంలో కూడా జాగ్రత్త. 11 వేలకు పైగా విమానాలు ఎగిరిన, ఈ రంగంలో అందరికంటే పెద్ద పేరున్న అమెరికా కంపెనీ వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్టే 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. లేజర్‌తో కోసిన భాగాల్లో వచ్చిన సమస్య, పెరిగిన ఖర్చులు కారణం. అప్పటికే ఆర్డరిచ్చి అడ్వాన్సు కట్టిన వాళ్ళు పెంచిన ధరకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ కంపెనీ తర్వాత కోలుకుంది. అయినా మొత్తం డబ్బు ఒకేసారి పంపకుండా, ముందు తోక భాగం, తర్వాత రెక్కలు, ఆ తర్వాత బాడీ, చివరికి ఇంజన్ అని కొనడమే అలవాటుగా ఉన్న పద్ధతి. ఒక భాగం పూర్తయ్యాకే ఇంకో భాగానికి డబ్బు. కట్టడం ఆగిపోయిన రోజు నష్టం అక్కడికే పరిమితమవుతుంది. మీ ముందస్తు తీర్పు అడిగేటప్పుడు ఇలా విడతలుగా తెప్పిస్తున్నట్టు స్పష్టంగా రాయండి, మొదటి విడతకు ఇచ్చిన జవాబు తర్వాతి వాటికి చెల్లుతుందో లేదో కూడా అడగండి.

కట్టాక ఎక్కడ పెడతారు? మామిడి చెట్ల మధ్య షెడ్డులో కట్టొచ్చు, అక్కడి నుంచి ఎగరలేరు. చిత్తూరు నుంచి 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరు జక్కూరు చిన్న విమానాల మైదానం లాంటి చోట హ్యాంగరు అద్దె అడిగి, అది కూడా నెల ఖర్చులో వేయండి. గంటకు 18 లీటర్ల పెట్రోలంటే 2 వేలు. ఏడాదికి 50 గంటలు ఎగిరితే లక్ష. వార్షిక తనిఖీ, విమానానికి బీమా వేరే.

ఈ నెలలో మీరు చేయాల్సింది మూడే పనులు. డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర క్లాస్ 2 వైద్య పరీక్ష చేయించుకోండి, అందులో తప్పితే మిగతా లెక్కలు అవసరమే ఉండదు. జక్కూరు వెళ్ళి ఒక్కసారి చిన్న విమానంలో ఎగిరి రండి. ఇంకొకటి, మీ శ్రీమతికి 27 లక్షలు కాదు, 94 లక్షల కాగితం చూపించండి. పాలసీలు కూడా ఆవిడ పక్కన కూర్చునే చదవండి. ఆవిడ ఏమన్నారో, వైద్య పరీక్షలో ఏం తేలిందో నాకు రాయండి. వాటాదారుల ఒప్పందం ఎలా ఉండాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.