చెరువు మట్టితో పాటు తుంగ కూడా దిగింది

పెరటి పెద్దమ్మ జవాబులు

ప్రశ్న: పెద్దమ్మగారూ, మాది నరసరావుపేట పక్కన. ఇంటి వెనక రెండు సెంట్ల జాగా, అంతా నల్లరేగడి. వంగ, మిరప, టమాటా ఎండలకు తట్టుకుంటున్నాయి కానీ ముసురు పట్టిందంటే నాలుగు రోజుల్లో తలలు వేలాడేస్తున్నాయి. ఒకరు ఇసుక కలపమంటారు, ఒకరు ఎత్తు మళ్లు కట్టమంటారు. ఏం చేయను?

జవాబు: ఇసుక మాట మరిచిపోమ్మా. రేగడిలో అయిదారు తట్టల ఇసుక వేస్తే మట్టి గుల్లబారదు, ఎండాక ఇంకా బిగుసుకుంటుంది. తేడా తెలియాలంటే దాదాపు సగానికి సగం ఇసుకే పోయాలి. అంత ఇసుక కొనే డబ్బుంటే కూరగాయలు బజార్లో కొనుక్కోవచ్చు. వాన పడితే రేగడి ఉబ్బుతుంది, నీరు కిందికి దిగదు, వేళ్లకు గాలి ఆడదు. మొక్క నీళ్లలో నిలబడే వాడిపోతుంది. అది చూసి నీళ్లు చాలలేదేమోనని ఇంకో బిందె పోసేవాళ్లున్నారు! నీకు కావలసింది ఎత్తే.

మడి వెడల్పు నాలుగు అడుగులు దాటనివ్వకు. రెండు పక్కల నుంచీ చెయ్యి చాస్తే నడుమకు అందాలి, లోపల కాలు పెట్టే అవసరమే రాకూడదు. ఎత్తు ఒక అడుగు చాలు. మళ్ల మధ్య దారి అడుగున్నర, కూర్చుని కలుపు తీసే అలవాటుంటే రెండు అడుగులు. అంచులకు చెక్కలు పెట్టకు, చెదలకు పండగ. మాచర్ల నాపరాళ్లు మీకు దగ్గరే కదా, విరిగిన ముక్కలు నిలువుగా పాతినా సరిపోతుంది. అడుగున గచ్చు వేయించకు. మట్టి కాస్త పదును మీద ఉన్నప్పుడు గునపంతో కింద నేలను కదిలించి వదిలెయ్.

ఇక నింపడం. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడికి 32 ఘనపు అడుగుల మట్టి పడుతుంది. ఖాళీ సిమెంటు బస్తాల లెక్కలో సుమారు 26. అంతా కొనాలంటే గుండె గుభేలుమంటుంది. కొనకు. దారులు తవ్వి ఆ పైమట్టినే మళ్లలో పొయ్యి. మడి లేచినట్టూ ఉంటుంది, దారి పల్లమై వాన నీరు పోయే కాలవా అవుతుంది. మిగతా సగానికి మాగిన పశువుల ఎరువు, ఎండుటాకులు. ఎరువు మాగిందో లేదో చూడాలంటే కుప్ప మధ్యలోకి చెయ్యి పెట్టు. వెచ్చగా తగిలినా, పేడ వాసన వచ్చినా ఇంకా ఆగాలి. పచ్చిపేడ వేస్తే వేరుపురుగు పట్టుకుంటుంది. మొదటి ఏడు ఒక మడిని కూరగాయలకు కాకుండా వదలగలిగితే తొలకరికి జనుము చల్లి, పూత మొదలయ్యే వేళకు, అంటే నలభై అయిదు రోజుల లోపు, అందులోనే కలిపి తిరగవెయ్యి. రేగడికి అంతకంటే మంచి మందు నాకు తెలిసి లేదు.

ప్రశ్న: పెద్దమ్మా, మాది సూర్యాపేట జిల్లా. చెరువు పూడిక మట్టి ఒక ట్రాక్టరు తోలించి మూడు ఎత్తు మళ్లు నింపినం. ఇప్పుడు బెండకాయల కంటే తుంగే ఎక్కువ ఉంది. రోజూ పీకుతున్నం, రోజూ వస్తోంది. ఉప్పునీళ్లు పోస్తే చస్తదని పక్కింటాయన చెప్పిండు. నిజమేనా? టెన్షన్ అవుతోంది.

జవాబు: ఉప్పు ముట్టుకోకు తమ్ముడూ. తుంగ సంగతి తర్వాత, ముందు నీ మడి చస్తుంది. బంకమట్టికి ఉప్పు తగిలితే పొడిపొడిగా ఉన్న మట్టి కూడా అంటుకుపోయి నీరు పీల్చడం మానేస్తుంది. బోరు నీళ్లలో ఉప్పదనం ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

మిషన్ కాకతీయ నాటి నుంచి పూడిక మట్టి అంటే మనవాళ్లకు బంగారం. మంచిదే, కాదనను. కానీ చెరువు తడి ఉన్నచోట తుంగ కూడా ఉంటుంది, దాని దుంపలు మట్టితో పాటే ట్రాక్టరెక్కి వస్తాయి. ముందు అది తుంగేనా, మామూలు గడ్డి మొక్కా చూసుకో. కాడను రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పు. గడ్డి కాడ జారినట్టు దొర్లుతుంది. తుంగ కాడకు మూడు అంచులు, తిప్పితే వేళ్లకు గుచ్చుకుంటూ తగులుతాయి. మొక్క కింద జానెడు లోతు తవ్వితే నల్లటి పొట్టుతో చిన్న దుంప కనిపిస్తుంది. గోటితో గిల్లితే లోపల తెల్లగా, మంచి వాసన. ఆయుర్వేదం కొట్టులో తుంగముస్తలని అమ్మేవి ఇవే. ఆ దుంప నుంచి సన్నటి వేరు పక్కకు పోయి ఇంకో దుంప, దాని నుంచి మరొకటి. నువ్వు పైన ఆకు పీకితే వేరు దగ్గర తెగి చేతికి వస్తుంది, దుంప కింద హాయిగా ఉంటుంది. మళ్లీ మొలుస్తుంది. రోటవేటర్ లాంటిది తిప్పితే మరీ ప్రమాదం, వరుస తెగి విడిపోయిన ప్రతి దుంపా విడిగా లేస్తుంది.

ఇప్పుడు వానల్లో చేయగలిగింది ఇది. రోజూ వద్దు, రెండు వారాలకు ఒకసారి చాలు. మట్టి తడిగా ఉన్నప్పుడు సన్నటి గునపంతో కిందికి దించి దుంపతో సహా ఎత్తు. కొత్త మొక్క కొన్ని వారాల్లోనే తానూ దుంపలు కట్టేస్తుంది, ఆ లోపే తీసెయ్యాలి. తీసినవి కంపోస్టు గుంతలో పడెయ్యకు, మేడ మీద ఎండలో వేసి పూర్తిగా ఎండనియ్. బెండ తీసేసిన జాగా ఖాళీగా ఉంచకు. తుంగకు నీడ గిట్టదు, అలసంద దట్టంగా చల్లు, లేదా గుమ్మడి తీగ పాకించు. చిలగడదుంప మాత్రం వద్దు, తుంగ మొలక దాని గడ్డలోంచి కూడా దూసుకొస్తుంది. నల్ల ప్లాస్టిక్ షీటు పరుద్దామనుకుంటావేమో, పలచటిదైతే దాన్నీ పొడుచుకుని లేస్తుంది.

అసలు పని ఏప్రిల్, మే ఎండల్లో. ఒక్కొక్క మడి మట్టినీ బయటికి తీసి పలచగా ఆరబోసి, మట్టిగడ్డలు చితక్కొట్టి, మేస్త్రీలు ఇసుక జల్లించే జల్లెడలో జల్లించు. పైన మిగిలిన దుంపలను ఏరెయ్. చేతులు నొస్తాయి, దాచడమెందుకు! అయినా మూడు మళ్లే కదా, మనిషిని పెట్టుకుంటే అయిపోతుంది. ఆ ఎండకు తప్పిపోయిన దుంపలు కూడా చాలావరకు ఎండిపోతాయి. తర్వాత కూడా ఒకటీ అరా రెండేళ్ల దాకా తల ఎత్తుతుంటుంది, చూస్తూ ఉండు.

గడ్డిమందు సంగతి అడగలేదు గానీ అడుగుతావని తెలుసు. గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్రం 2022లో లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లకే పరిమితం చేసింది. పక్కన బెండ మొక్కలుండగా ఎలాగూ కొట్టలేవు.

ప్రశ్న: కరీంనగర్ నుంచి. మళ్లలో ఎర్రటి కాడలతో, దళసరి ఆకులతో ఒకటి పాకుతోంది. కలుపా?

జవాబు: గంగవాయిలి కావచ్చమ్మా, కోస్తాలో పావిలికూర అంటారు. కాడ తుంచి చూడు. పాలు కారితే నానబాలు జాతి, పీకి పారెయ్. కారకపోతే కడిగి పెసరపప్పులో వెయ్, కాస్త పులుపు దానికే ఉంటుంది.

ప్రశ్న: నమస్తే పెద్దమ్మగారూ, డాలస్ నుంచి రాస్తున్నాను. దేవదారు చెక్కలతో మడి పెట్టె కొని లాన్ మీద పెట్టాం. గోంగూర వేశాం. పెట్టె నిండా గడ్డే. మట్టి మొత్తం మార్చాలా?

జవాబు: మట్టి మార్చినా లాభం లేదు బాబూ, గడ్డి కింది నుంచి వస్తోంది. మీ లాన్లో బెర్ముడా గడ్డి అయితే అది మన గరిక జాతే. మీ ఊరి నల్లమట్టి కూడా మన రేగడి లాంటిదే, వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది, ఎత్తు మడి పెట్టడం మంచి పనే. ఈసారి మడి ఖాళీ అయ్యాక పెట్టె అడుగు దాకా తవ్వి గరిక వేళ్లు ఏరేసి, పైన టేపులు పీకేసిన అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా రెండు మూడు పొరలు పరిచి, తర్వాత మట్టి పొయ్యి. పెట్టె చుట్టూ జానెడు వెడల్పున లాన్ తీసేసి, నెలకోసారి పారతో అంచు కోస్తూ ఉండు. గోంగూర తొందరపడి మార్చిలో చల్లకు, నేల వెచ్చబడ్డాక ఏప్రిల్ నడుమ వెయ్.