మన వైజాగ్ ఎండల్లో హీటర్ వెయ్యం కదా, విమానంలో కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఎందుకు?

మీ అబ్బాయి సెస్నా 172 అనే చిన్న విమానం మీద పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు, మన విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో హీటరే వెయ్యరు కాబట్టి డిటెక్టర్ దండగ కదా అని అడిగారు. దండగ కాదండీ, కొనిపెట్టండి.

మాది గాజువాక. ఉత్తరాదిన ఒక ఫ్లయింగ్ స్కూల్లో చాలాకాలం మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేశాను. జనవరి చలిలో ఓ పొద్దున్న మన శ్రీకాకుళం కుర్రాడొకడు విమానం దిగొచ్చి "తల పగిలిపోతోంది సార్, కడుపులో తిప్పుతోంది" అన్నాడు. ఖాళీ కడుపుతో ఎక్కుంటావని ఇన్‌స్ట్రక్టర్ కొట్టిపారేశాడు. నాకు మాత్రం ఆ అబ్బాయి మాట ముద్దముద్దగా రావడం నచ్చలేదు. విమానాన్ని పక్కన పెట్టించి కౌలింగ్, అంటే ఇంజన్ మీది మూత, విప్పాను.

కార్లో హీటర్ రేడియేటర్ నీళ్ల వేడితో నడుస్తుంది. ఈ చిన్న విమానాల్లో అలా కాదు. సైలెన్సర్ చుట్టూ రేకు తొడుగు ఉంటుంది, బయటి గాలి అందులో దూరి సైలెన్సర్‌ని రాసుకుంటూ వేడెక్కి కాక్‌పిట్‌లోకి వస్తుంది. తొడుగు తీసి చూస్తే పైకి అంతా బాగానే ఉంది. ఎగ్జాస్ట్ గొట్టంలోకి గాలి పట్టించి, అతుకులన్నిటికీ సబ్బునీళ్లు పూశాం. ఒక వెల్డింగ్ దగ్గర బుడగలు వరసగా లేచాయి. తుడిస్తే వెంట్రుకంత చీలిక, దాని పక్కన బూడిదరంగు మరక. ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆ చీలికలోంచి హీటర్ గాలిలో కలిసి కాక్‌పిట్‌లోకి వస్తోందన్నమాట. ఇన్‌స్ట్రక్టర్ వంగి చూసి, ఆ కుర్రాణ్ణి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

అదే విమానంలో ప్యానెల్ మీద, ఈ గ్యాస్ తగిలితే రంగు మారే చుక్క ఉన్న కార్డు అతికించి ఉంది. గడువు దాటి, ఎండకి వెలిసిపోయి ఉంది. అలాంటి కార్డుల మీద నాకు నమ్మకం లేదు. ఈ గ్యాస్‌కి రంగూ వాసనా లేవు, ముందు దెబ్బతినేది ఆలోచనే. మత్తు కమ్మినవాడు చుక్క రంగు చూసుకుంటాడా? హెడ్‌సెట్ పెట్టుకున్నా తెలిసేలా గట్టిగా మోగి, లైటు వెలిగే ఎలక్ట్రానిక్ డిటెక్టరే కావాలి.

ఇక మీ హీటర్ సంగతి. 2017 డిసెంబర్ 31న ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర ఒక బీవర్ సీప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం) కూలి పైలట్‌తో సహా ఆరుగురు పోయారు. అక్కడ అది నడి వేసవి. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, ఎగ్జాస్ట్‌లో చీలిక ఉంది, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్ ప్యానెళ్లకి కొన్ని బోల్టులు లేవు. పొగ ఆ కంతల్లోంచి వచ్చింది. పైగా నీటి మీద చాలాసేపు టాక్సీ చేస్తున్నప్పుడు, అంటే ఎగరకుండా నడుపుతున్నప్పుడు, పైలట్ తలుపు ఓరగా తెరిచి ఉండటంతో లోపలికి ఇంకా ఎక్కువ చేరి ఉంటుందన్నారు. మన ఎండల్లో టాక్సీ చేసేటప్పుడు అందరూ చేసే పని అదేగా, తలుపో కిటికీయో తెరిచి పెట్టుకోవడం! వేడి ఊరు కాబట్టి భయం లేదనే మాట నేనొప్పుకోను.

చలికాలం సంగతి సరేసరి. 2019 జనవరిలో ఇంగ్లిష్ ఛానల్‌లో కూలిన పైపర్ మాలిబు అనే చిన్న విమానంలో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ఉన్నాడు. అతని రక్తంలో కార్బాక్సీహీమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్, 58 శాతం ఉంది.

ఇంకోటి. కోవిడ్ అప్పుడు ఇంటింటా కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఉంది కదా, ఈ విషయంలో దాన్ని నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేసి 98 చూపించేస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరేటర్ నడుస్తుంటే పక్కనే మంచం వేసుకుని పడుకునే వాచ్‌మన్‌ల గురించి మా అసోసియేషన్‌లో నేను ఎంత మొత్తుకున్నా, ఆక్సీమీటర్ చూపించి నోరు మూయించేవాళ్లే.

మీవాడికి ఇది చెప్పండి. అలారం మోగినా, కారణం లేకుండా తలనొప్పి మొదలైనా హీటర్ కట్టేసి, బయటి గాలి వెంట్లు పూర్తిగా తెరిచి, కంట్రోలర్‌కి చెప్పి దగ్గర్లో ఉన్న రన్‌వే మీద దిగాలి. దిగాక ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టమని, కార్బాక్సీహీమోగ్లోబిన్‌కి రక్తపరీక్ష చెయ్యమని పేరు పెట్టి అడగాలి. సైలెన్సర్ విప్పి చూసేదాకా ఎవరూ ఆ విమానం ఎక్కకూడదు, ఇన్‌స్ట్రక్టర్ ఎంత తొందరపెట్టినా సరే.