పాత బీఎండబ్ల్యూ కోసం ఎఫ్‌డీ తీసేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 36. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు 1,65,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 62,000, ఇంటి ఖర్చు 55,000, అనంతపురంలో అమ్మానాన్నలకు 10,000, సిప్ 15,000. ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి. ఒక చిన్న కారు ఉంది. రెండో కారుగా 2013 బీఎండబ్ల్యూ 328ఐ 11 లక్షలకు వస్తోంది. బండి పాతదని బ్యాంకు కార్ లోన్ ఇవ్వలేదు. ఎఫ్‌డీ తీసేసి, మిగతా 8 లక్షలకు పర్సనల్ లోన్ (13 శాతం, 5 ఏళ్లు) తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ఆ కారు మంచిది కాదని కాదు, ఆదివారం పొద్దున్నే నంది హిల్స్ వైపు తీసుకెళ్లాలనే మీ సరదాను తప్పుపట్టను. కానీ ఆ ఎఫ్‌డీ మీది కాదు. రేపు ఉద్యోగం పోతే మీ ఇల్లు నడవాల్సిన డబ్బు అది. ఈఎంఐ కట్టగలమా లేదా అన్నది ఒక్కటే చూసుకుని అత్యవసర నిధిని డౌన్ పేమెంట్‌గా వాడేయడం ఐటీ ఉద్యోగుల్లో తరచూ చూస్తున్నాను. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

మీకు నెలకు తప్పనిసరి ఖర్చు 1,27,000. ఆరు నెలలకు 7,62,000 పక్కన ఉండాలి. ఉన్నది 3 లక్షలు, రెండున్నర నెలలకు కూడా చాలదు. 8 లక్షల లోన్‌కు ఈఎంఐ దాదాపు 18,200 పడుతుంది. అప్పుడు కావాల్సిన నిధి 8,71,000 దాటుతుంది, చేతిలో మాత్రం సున్నా. ఈఎంఐ, సిప్ పోగా నెలకు మిగిలేది 4,800. అందులోనే పెట్రోలు, ఇన్సూరెన్స్, సర్వీసు! అయిదేళ్లలో వడ్డీ ఒక్కటే 2.9 లక్షలు.

బ్యాంకు కాదన్నప్పుడే మీరు ఆగాల్సింది. తాకట్టుగా పనికిరాదని వాళ్లు వదిలేసిన బండికి, తాకట్టే అడగని ఖరీదైన అప్పు తెచ్చి పెడతారా? ఆర్సీ గడువు 15 ఏళ్లు, అంటే 2028 వరకే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించుకోవాలి. అప్పటికీ మీ వాయిదాలు తీరవు.

పాత ఏనుగైనా మేత ఏనుగు మేతే. కొత్తలో 40 లక్షల దరిదాపు పలికిన కారు ఇప్పుడు 11 లక్షలకు వచ్చినా, దాని విడిభాగాలకు మాత్రం 40 లక్షల కారు ధరలే. ఇందులోని ఎన్20 ఇంజిన్‌కు టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు) సమస్య ఉందని ఈ బండ్లు చూసే మెకానిక్‌లకు బాగా తెలుసు. ఆ గొలుసును పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు అరిగి విరిగితే ఇంజినే పోవచ్చు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోకండి. అది ప్రమాదాలకు, దొంగతనానికే; అరుగుదలకు వర్తించదు. ఇంత వయసున్న బండికి మామూలుగా జీరో డెప్ (భాగాల తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) ఇవ్వరు కాబట్టి ప్రమాదం జరిగినా ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖర్చులో సగం మీదే. అమ్మేవాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కూడా మీకు బదిలీ కాదు. రిపేరు వస్తే క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టుకోవచ్చని ఎవరైనా చెబితే దయచేసి వినొద్దు. ఒక అప్పు మోయలేనప్పుడు రెండోదాన్ని పిలవడం అది.

ఇప్పుడు మీకు సిప్ పోగా 23,000 మిగులుతోంది. దాన్ని ఆర్‌డీలో వేయండి. 20 నెలల్లో నిధిలో లోటు 4,62,000 నిండుతుంది. ఆ తర్వాత అదే 23,000 కారు ఖాతాలోకి మళ్లించండి. అప్పు లేకుండా కొనగలిగినప్పుడు కొనండి, మరమ్మతులకు కనీసం 2 లక్షలు విడిగా ఉంచి. ఇంటి లోన్ మీద టాప్-అప్‌కు వడ్డీ తక్కువే అయినా ఇంటిని కారుకు తాకట్టు పెట్టడమే అవుతుంది. సరదా తీరాలంటే వారాంతానికి అద్దెకు తీసుకోండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, కుటుంబానికి సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి.

టోకెన్ ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఈరోజే అమ్మేవాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పండి. ఇచ్చి ఉంటే, ఆ కాస్త పోయినా వదులుకోండి.