పాకిస్తాన్ పట్టుకుపోయిన మత్స్యకారుడికి అంతర్జాతీయ చట్టం ఏమిస్తుంది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా మరిది ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోటు మీద కళాసీగా చేస్తాడు. పోయిన నెల బోటును పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారని ఓనరు ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. అంతర్జాతీయ చట్టం ప్రకారం మత్స్యకారుణ్ని జైల్లో పెట్టకూడదట, హేగ్ కోర్టుకు వెళ్లొచ్చట అని ఒకాయన చెప్పాడు. పోలీసే లేని చట్టం చట్టమెలా అవుతుంది, దాన్ని నమ్ముకోకండి అని ఇంకొకాయన అన్నాడు. ఎవరి మాట నిజం?

జవాబు: అమ్మా, ఇద్దరూ సగం సగం చెప్పారు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో మీరు గానీ మీ మరిది గానీ కేసు వేయలేరు. అక్కడ వాదీ ప్రతివాదీ ఇద్దరూ దేశాలే అయి ఉండాలి. మీ మరిది కష్టాన్ని భారత ప్రభుత్వం తన కష్టంగా నెత్తికెత్తుకుంటేనే అది అక్కడికి చేరుతుంది. ఎత్తుకోవాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం. ఎత్తుకున్నా, అవతలి దేశం ఏదో ఒక రూపంలో ఆ కోర్టు అధికారానికి ముందే ఒప్పుకుని ఉండాలి. 1999లో తమ నౌకాదళ విమానాన్ని మన వైమానిక దళం కూల్చిందని పాకిస్తాన్ అక్కడే మన మీద కేసు వేసింది. కామన్వెల్త్ (ఒకప్పటి బ్రిటిష్ పాలిత) దేశాలతో తగాదాలకు ఈ కోర్టు అధికారాన్ని ఒప్పుకోబోమని మనం ముందే రాసిచ్చిన మినహాయింపు చూపించాం. 2000 జూన్‌లో కోర్టు తనకు అధికారం లేదని తేల్చేసింది. తప్పెవరిదన్న ప్రశ్న దాకా వెళ్లనే లేదు. మన జిల్లా కోర్టులో ప్రతివాది "ఈ కోర్టును నేను ఒప్పుకోను" అంటే జడ్జిగారు నవ్వుతారు. హేగ్‌లో చాలా కేసుల్లో మొదటి వాదన అదే.

దీనికి కారణం ఈ చట్టం పుట్టుకలోనే ఉంది. దేశాల నెత్తిన పార్లమెంటు లేదు. కాబట్టి దేశాన్ని కట్టడి చేసేది ప్రధానంగా అది తానుగా ఒప్పుకున్నదే. రాసుకుని ఒప్పుకుంటే ఒప్పందం. దేశాలన్నీ ఇది మన బాధ్యత అన్న భావనతో ఏళ్ల తరబడి పాటిస్తూ వచ్చింది ఆచారం. ఈ రెండింటికీ తోడు అన్ని దేశాల న్యాయవ్యవస్థల్లోనూ కనిపించే సాధారణ సూత్రాలు. అంతర్జాతీయ న్యాయస్థానం శాసనంలోని 38వ అధికరణం చెప్పే ముఖ్యమైన ఆధారాలు ఈ మూడే.

ఆచారానికి ఎంత బలముందో, గూఢచారి అంటూ పాకిస్తాన్ మరణశిక్ష వేసిన మన దేశస్థుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసు చూస్తే తెలుస్తుంది. ఒప్పందాలను ఎలా చదవాలో చెప్పే 1969 నాటి వియన్నా ఒడంబడికలో భారత్ చేరలేదు. పాకిస్తాన్ సంతకం పెట్టి ఆగిపోయింది. అయినా అందులోని వ్యాఖ్యాన సూత్రాలు ఆచారంగా స్థిరపడ్డాయి కనుక ఇద్దరికీ వర్తిస్తాయంటూ కోర్టు వాటితోనే తీర్పు రాసింది. 2017 మేలో మనం వేసిన ఆ కేసులో 2019 జూలై 17న 15 మంది జడ్జీలు మనవైపు, ఒక్కరు అటువైపు నిలిచారు. విదేశంలో అరెస్టయిన మనిషిని అతని దేశపు అధికారి కలిసే హక్కు 1963 నాటి కాన్సులర్ ఒడంబడిక 36వ అధికరణంలో ఉంది. పాకిస్తాన్ దాన్ని ఉల్లంఘించిందని, శిక్షను పునఃసమీక్షించాలని కోర్టు చెప్పింది. జాదవ్‌ను విడిచిపెట్టమన్న మన కోరికను మాత్రం ఒప్పుకోలేదు. టీవీల్లో ఆ సగం పెద్దగా వినిపించలేదు.

ఇక పోలీసు లేడన్న మాట. నిజమే, లేడు. తీర్పును పాటించకపోతే భద్రతా మండలికి వెళ్లొచ్చని ఐక్యరాజ్యసమితి చార్టర్ 94వ అధికరణంలో ఉంది కానీ అక్కడ వీటో ఉంది. 1986లో నికరాగ్వా మీద ఓడిపోయిన అమెరికా, ఆ తీర్పును అమలు చేయమన్న తీర్మానాన్ని తానే వీటో చేసింది. అయినా ఈ చట్టం చాలావరకు నడుస్తూనే ఉంటుంది. నీ మనిషి నా దగ్గరున్నాడు, నా మనిషి నీ దగ్గరున్నాడు అన్న లెక్క దాన్ని నడిపిస్తుంది. ఇరు దేశాల మధ్య 2008 మే 21న కుదిరిన కాన్సులర్ ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. 2025 మేలో క్షిపణులు విసురుకున్నాక కూడా ఆ జూలై 1న జాబితాలు చేతులు మారాయి. పాకిస్తాన్ ఇచ్చినదాంట్లో 193 మంది మత్స్యకారులు మనవాళ్లు. మనం ఇచ్చినదాంట్లో 81 మంది వాళ్లవాళ్లు.

జైల్లో పెట్టకూడదన్న మాట గాలిలోంచి వచ్చింది కాదు. రెండు దేశాలూ చేరిన 1982 సముద్ర చట్ట ఒడంబడిక 73వ అధికరణంలో ఉంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ప్రాదేశిక జలాలు. అవి దాటాక 200 మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలం. ఈ రెండో భాగంలో చేపల వేట నిబంధన తప్పినందుకు, సంబంధిత దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు శిక్ష వేయకూడదు. తగిన పూచీకత్తు ఇస్తే బోటునూ మనుషులనూ త్వరగా వదిలేయాలి. విదేశీ బోట్ల మీద మన 1981 చట్టం కూడా ప్రాదేశిక జలాల్లో నేరానికి జైలు పెట్టి, ఆర్థిక మండలంలో నేరానికి జరిమానాతో సరిపెట్టింది. చిక్కల్లా ఎక్కడ పట్టుకున్నారన్న దాంట్లో ఉంది. గుజరాత్‌కూ పాకిస్తాన్‌లోని సింధ్‌కూ మధ్య ఉన్న సముద్రపు పాయ సర్ క్రీక్ దగ్గర హద్దు ఇంకా తేలలేదు. మా జలాల్లోకి వచ్చారని వాళ్లంటారు, మా జలాల్లోనే ఉన్నారని మనమంటాం. కాబట్టి పట్టుకునేటప్పటికి బోటు ఎక్కడుందో చూపే జీపీఎస్ వివరాలేమైనా ఓనరు దగ్గర ఉంటే ఇప్పుడే కాపీ తీసుకోండి. తండేలు (బోటు నడిపే నాయకుడు) ఆఖరిసారి మాట్లాడిన సమయం కూడా రాయించుకోండి.

మీకు అక్కరకొచ్చేది హేగ్ కంటే ఆ 2008 ఒప్పందమే. పట్టుకున్న మూడు నెలల్లోగా పాకిస్తాన్‌లోని మన హైకమిషన్ (రాయబార కార్యాలయం) అధికారిని కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, జాతీయత ఖరారైన నెలలోగా వదిలేయాలి. ఆలస్యం ఎక్కువగా ఈ జాతీయత ఖరారు దగ్గరే అవుతుంది. మన ఇంటిపేర్లను కరాచీలో అధికారి విన్నట్టు రాసుకుంటాడు, ఆ పేరుకూ ఆధార్‌లోని పేరుకూ పొంతన కుదరదు. అందుకే ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, తండ్రి పేరు, పుట్టుమచ్చల వివరం, బోటు రిజిస్ట్రేషన్ నంబరు ఒకే అర్జీకి జతచేసి కలెక్టరుకు, మత్స్యశాఖకు ఇచ్చి రసీదు తీసుకోండి. అదే అర్జీని విదేశాంగ శాఖ "మదద్" పోర్టల్‌లో పెట్టి నంబరు దాచుకోండి. విచారణకు మీ స్టేషన్ పోలీసులు ఇంటికొస్తే భయపడకండి. వాళ్ల రిపోర్టు ఎంత తొందరగా ఢిల్లీ చేరితే అంత మంచిది.

2018 చివర్లో ఇలాగే వెరావల్ నుంచి వెళ్లి దొరికిపోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. ఏడాదికి పైనే పట్టింది. మీకూ అంత పట్టొచ్చని ముందే చెబుతున్నాను.

మూడు నెలలు దాటినా మన అధికారి కలిసినట్టు సమాచారం రాకపోతే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు. పాకిస్తాన్‌తో ఎలా మాట్లాడాలో హైకోర్టు కేంద్రానికి చెప్పదు. మీ అర్జీ మీద ఏం చేశారో చెప్పమని మాత్రం అడగగలదు, అడిగితే ఫైలు కదులుతుంది. ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కాబట్టి రిట్ మీ అత్తగారి పేరు మీదో మీ తోటికోడలి పేరు మీదో వేయించండి. ఈలోగా ఢిల్లీలో మాకు మనుషులున్నారు, విడిపిస్తాం అని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.