తేలికైన మీట్‌బాల్స్ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రాతప్రతి అందింది. తీరిగ్గా కూర్చుని చదివాను. మీట్‌బాల్స్‌నూ పాస్తానూ కడుపుకు బరువు కాకుండా, ఒంటికి మేలు చేసేలా ఇంట్లోనే వండుకోవచ్చునని పాఠకులకు చెప్పాలన్న తపన ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. అయితే వంటకం మొత్తం తీసివేతల మీదే నడిచింది. కొవ్వున్న మాంసం వద్దన్నావు, బ్రెడ్ వద్దన్నావు, నూనె వద్దన్నావు, చీజ్ వద్దన్నావు, చివరికి గుడ్డులో పచ్చసొన కూడా వద్దన్నావు. ఇన్ని తీసేశాక మిగిలిన చికెన్ బ్రెస్ట్ కైమాను ఉప్పూ మిరియాలూ కలిపి ఒవెన్‌లో పెడితే గట్టిగా, పొడిపొడిగా, ఎంత నమిలినా గొంతు దిగని ఉండలు వస్తాయి. నీ మాట నమ్మి వండినవారు ఆ పూటకు ఎలాగో తింటారు గానీ మళ్లీ ఆ జోలికి పోరు. ఒక్కసారి వండి వదిలేసే వంట వల్ల ఎవరికీ మేలు జరగదు. అందుకే ఒక పదార్థాన్ని తీసేసే ముందు అది ఆ వంటలో ఏ పని చేస్తోందో తెలుసుకో, ఇకమీదట ఆ పనిని ఏది చేస్తుందో పాఠకులకు రాయి. ఈ ఉత్తరంలో నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

కొవ్వుతో మొదలుపెడతాను. గ్రాము కొవ్వులో 9 కేలరీలు ఉంటాయి; గ్రాము ప్రొటీన్‌లో గానీ పిండిపదార్థంలో గానీ 4 ఉంటాయి. 20 శాతం కొవ్వున్న అరకిలో కైమాలో 100 గ్రాముల కొవ్వు ఉంటుంది, అంటే ఆ కొవ్వు నుంచే 900 కేలరీలు వస్తాయి. 5 శాతం కొవ్వున్న కైమా అయితే అదే లెక్క 225కు దిగుతుంది. వండేటప్పుడు కొంత కొవ్వు కరిగి కారిపోతుంది కాబట్టి పళ్లెంలోకి వచ్చేసరికి తేడా కాస్త తగ్గుతుంది, అయినా అది పెద్ద తేడానే. ఆరోగ్యకరం అని పేరా పేరాకూ రాసే బదులు ఈ లెక్కను వేసి చూపిస్తే చదివేవారికి ఎక్కువ ఉపయోగం. ఇక ఆ కొవ్వు చేసే పని సంగతి. వేడి తగిలేకొద్దీ మాంసపు పోగులు ముడుచుకుని తమలోని నీటిని బయటికి నెట్టేస్తాయి. అప్పుడు పోగుల మధ్య కరిగి ఉన్న కొవ్వే ఉండను మెత్తగా ఉంచి, తినేటప్పుడు నోరు ఎండిపోకుండా చూస్తుంది. కొవ్వు తగ్గించామంటే ఉండలో తేమను నిలిపే పని మరొకదానికి అప్పగించి తీరాలి.

ఆ పనికి అన్నిటికన్నా తగినది నువ్వు తీసేసిన బ్రెడ్డే. 60 గ్రాముల బ్రెడ్‌ను చిన్న ముక్కలుగా తుంచి, 100 మిల్లీలీటర్ల పాలలో ఓ పది నిమిషాలు నానబెట్టి, వేళ్లతో మెదిపితే చిక్కటి గుజ్జు తయారవుతుంది. అందులోని పిండిపదార్థం పాలను పట్టుకుని విడిచిపెట్టదు. పైగా మాంసపు ప్రొటీన్లు ఒకదానితో ఒకటి బిగుసుకుపోకుండా మధ్యలో అడ్డం నిలుస్తుంది. బ్రెడ్ వేస్తే కేలరీలు పెరుగుతాయన్నది నీ భయమైతే, ఆ 60 గ్రాములలో ఉన్నవి దాదాపు 155 కేలరీలే. ఈ వంటలో వచ్చే 20 ఉండలకు పంచితే ఒక్కొక్కదానికి 8 కూడా రావు. ఎనిమిది కేలరీలు మిగుల్చుకోవడం కోసం ఉండను రాయిలా చేసుకోవడం తెలివైన బేరం కాదు. పీచుపదార్థం పెంచాలనుకుంటే గోధుమ బ్రెడ్ వాడమని రాయి, లేదా ఓట్స్‌ను బరకగా పొడి చేసి పాలలో నానబెట్టమని రాయి. పొడి బ్రెడ్‌క్రంబ్స్‌ను నానబెట్టకుండా కలపమని మాత్రం చెప్పకు. అవి మాంసంలోని నీటినే పీల్చుకుంటాయి.

మాంసం మోతాదు తగ్గించే దారి కూడా ఉంది, అది నాకు బాగా ఇష్టమైన దారి. 500 గ్రాముల కైమా బదులు 350 గ్రాములే తీసుకుని 200 గ్రాముల పుట్టగొడుగులు కలపవచ్చు. మాంసం లాంటి రుచినిచ్చే గ్లుటమేట్ అనే పదార్థం వాటిలో సహజంగానే ఉంటుంది కాబట్టి మాంసం తగ్గిన లోటు నాలుకకు తెలియదు. అయితే పుట్టగొడుగుల్లో 90 శాతం దాకా నీరే. వాటిని పచ్చిగా కలిపితే ఉండలు ఒవెన్‌లో నీరు వదిలి చదునుగా జారిపోతాయి. అందుకని వాటిని మెంతిగింజంత సన్నగా తరిగి, నూనె లేకుండానే వెడల్పాటి పెనంలో పెద్ద మంట మీద వేయించాలి. మొదట నీరు ఊరి, ముక్కలు అందులోనే ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. కాసేపటికి ఆ నీరు ఇగిరిపోయి, బుడబుడ శబ్దం సన్నటి చిటపటగా మారుతుంది. పెనం అడుగున గోధుమరంగు పొర పట్టడం మొదలై, కుప్ప సగానికి తగ్గుతుంది. అప్పుడు దించాలి. ఎన్ని నిమిషాలన్నది పెనాన్ని బట్టీ మంటను బట్టీ మారుతుంది, ఈ గుర్తులు మాత్రం ఏ వంటింట్లోనైనా ఒకేలా ఉంటాయి. వంట గురించి రాసేవారు నిమిషాలతో పాటు కంటికి, చెవికి అందే ఇలాంటి గుర్తులు తప్పక ఇవ్వాలి. వేయించినవి పూర్తిగా చల్లారాకే మాంసంలో కలపాలన్న మాట కూడా మరిచిపోకు. పుట్టగొడుగులు నచ్చనివారు జుకినీ (కీరదోసలా కనిపించే కూరగాయ) తురుమును ఉప్పు చల్లి, గుడ్డలో వేసి గట్టిగా పిండి వాడుకోవచ్చు.

కలపడం గురించి నీ ప్రతిలో ‘బాగా పిసకాలి’ అని ఉంది. ఆ మాట కొట్టెయ్యి. ఉప్పు తగిలిన మాంసంలో మయోసిన్ అనే ప్రొటీన్ కరిగి జిగురుగా మారుతుంది. ఎంత పిసికితే అంత బిగుస్తుంది. సాసేజ్‌కు కావలసింది ఆ సాగే గుణమే, మీట్‌బాల్‌కు అదే దోషం. కాబట్టి బ్రెడ్ గుజ్జు, ఒక గుడ్డు, తురిమిన ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాలు, సన్నగా తరిగిన పార్స్లీ (కొత్తిమీరలాంటి ఆకు), వేయించిన పుట్టగొడుగులు ముందుగా ఒక గిన్నెలో కలిపేసుకుని, మాంసాన్నీ ఉప్పునూ ఆఖరున వేసి, వేళ్లు విడదీసి పైకీ కిందికీ తిప్పాలి. తెల్లటి బ్రెడ్ చారలు కనిపించకుండా పోయిన క్షణమే చెయ్యి తీసెయ్యాలి. పచ్చసొన సంగతి అడుగుతావేమో: 20 ఉండలకు ఒక్క పచ్చసొన, దాన్ని ఉంచెయ్యి. పచ్చి మాంసాన్ని రుచి చూడకూడదు కాబట్టి చెంచాడు మిశ్రమాన్ని బిళ్లగా ఒత్తి పెనం మీద పూర్తిగా కాల్చి తిని, ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోమని రాయి. తరువాత అరగంట సేపు ఫ్రిజ్‌లో పెడితే మిశ్రమం గట్టిపడి, ఉండ చుట్టడానికి వీలుగా ఉంటుంది. చేతులు తడి చేసుకుని, ఒక్కొక్కటి 35 గ్రాములు తూగేలా, అంటే సుమారు 4 సెంటీమీటర్ల వ్యాసంతో, అరచేతుల మధ్య నొక్కకుండా దొర్లించాలి. పరిమాణం ఒకేలా ఉంటేనే అన్నీ ఒకేసారి ఉడుకుతాయి.

వేయించడమా, ఒవెన్‌లో కాల్చడమా అన్న చోట నువ్వు ఒవెన్‌ను ఎంచుకున్నావు, మంచిదే. ఒక టేబుల్‌స్పూన్ నూనెలో 120 కేలరీల దాకా ఉంటాయి; పెనంలో వేయిస్తే అలాంటివి మూడు నాలుగు ఇట్టే పడతాయి, బ్రెడ్ కలిసిన ఉండలు అందులో కొంత పీల్చుకుంటాయి. అయితే నువ్వు రాసిన 160 డిగ్రీల వేడి చాలదు. ఆ వేడిలో ఉండ పైభాగం ఎర్రబడేలోపే లోపలంతా ఎండిపోతుంది. ఒవెన్‌ను ముందే 220 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి, ఉండల పైన నూనెను బ్రష్‌తో పలుచగా రాసి, 12 నుంచి 15 నిమిషాలు కాల్చి, మిగతా ఉడుకును సాస్‌లో సన్నటి మంట మీద పూర్తి కానివ్వాలి. పైన ఏర్పడిన ఎర్రటి పొర సాస్‌కు రుచి ఇస్తుంది, సాస్ ఉండలకు తేమ ఇస్తుంది.

ఇక్కడ ఒక విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడకు. ముక్కగా ఉన్న మాంసానికి సూక్ష్మజీవులు ఎక్కువగా పైభాగానే ఉంటాయి. కైమా కొట్టినప్పుడు అవి లోపలంతా కలిసిపోతాయి. అందువల్ల ఉండ మధ్యభాగం చికెన్, టర్కీలకైతే 74 డిగ్రీలకు, మిగతా మాంసాలకైతే 71 డిగ్రీలకు చేరాలి. రంగు చూసి ఉడికిందని నిర్ణయించడం నమ్మదగ్గ పద్ధతి కాదు. వంటింటి థర్మామీటర్‌ను ఉండ నడిమికి గుచ్చి చూడమని స్పష్టంగా రాయి. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది: భయంతో అతిగా ఉడికించి మాంసాన్ని ఎండబెట్టడం తప్పుతుంది.

సాస్ గురించి ఎక్కువ చెప్పను. టమాటా, ఉల్లి, వెల్లుల్లి, బేసిల్, నలుగురైదుగురికి ఒక టేబుల్‌స్పూన్ ఆలివ్ నూనె చాలు. ఆ ఒక్క చెంచా నూనెను తీసెయ్యవద్దు. టమాటాలోని లైకోపీన్ కొవ్వులో కరిగే పదార్థం, కాస్త నూనె తోడుంటేనే అది ఒంటికి బాగా పడుతుంది. సీసా సాస్ వాడేవారిని లేబుల్ మీద చక్కెర, సోడియం చూసి కొనమను. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ వంటలో ఉప్పు కైమాలోంచి, బ్రెడ్‌లోంచి, టమాటా డబ్బాలోంచి, పాస్తా ఉడికించిన నీళ్లలోంచి, పైన చల్లే పర్మేజాన్ చీజ్‌లోంచి విడివిడిగా వచ్చి చేరుతుంది. ‘రుచికి తగినంత ఉప్పు’ అని నాలుగుచోట్ల రాస్తే నాలుగుసార్లు పడుతుంది. అన్నిటినీ కలిపి ఒకచోట లెక్క చూపించు. చీజ్‌ను మానిపించే బదులు, పళ్లానికి 10 గ్రాములు సన్నగా తురిమి ఆఖరున చల్లమను. ఉడికే సాస్‌లో కలిసిపోయిన దానికన్నా పైన చల్లిన దాని రుచి ఎక్కువగా తెలుస్తుంది.

ఇక పాస్తా. నీ వ్యాసంలో అన్నిటికన్నా పలుచగా ఉన్న భాగం ఇదే, నిజానికి పళ్లెంలో బరువు పెరిగేది ఎక్కువగా ఇక్కడే. 100 గ్రాముల ఎండు పాస్తాలో 350కి పైగా కేలరీలు ఉంటాయి, ఉడికాక అది రెండింతలకు పైగా తూగుతుంది. చేతి అంచనాతో వేసుకునేవారు ఎంత వేస్తున్నారో వారికే తెలియదు. మనిషికి 70 గ్రాముల ఎండు పాస్తా అని రాసి, తూచి వేసుకోమని చెప్పు. పంటికి కాస్త తగిలేలా, అంటే అల్ డెంటేగా, ఉడికిస్తే అందులోని పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది. మెత్తగా గుజ్జయ్యేదాకా ఉడికిస్తే ఆ మేలు తగ్గిపోతుంది. సంపూర్ణ గోధుమ పాస్తాలో పీచు మామూలు దానికన్నా రెండింతలకు మించి ఉంటుంది, కానీ రుచి కాస్త మోటుగా ఉంటుంది కాబట్టి అలవాటు లేనివారికి పుట్టగొడుగులు కలిపిన ఈ ఉండలతో మొదలుపెట్టమని చెప్పవచ్చు. శనగ, ఎర్రపప్పు పిండితో చేసిన పాస్తాలలో ప్రొటీన్ ఎక్కువ; అవి ఉడికేటప్పుడు నురగ పొంగిస్తాయి, ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉంటే చితికిపోతాయి. ఈ హెచ్చరిక లేకుండా వాటిని సిఫారసు చెయ్యకు.

ఉడికించే నీళ్లలో నూనె వెయ్యమని రాశావు. దానివల్ల పాస్తాకు జిడ్డు పట్టి సాస్ జారిపోవడం తప్ప ప్రయోజనం లేదు. అలాగే వార్చాక చన్నీళ్లతో కడగవద్దు. వార్చే ముందు ఒక కప్పు నీళ్లు తీసి పక్కన పెట్టుకుని, రెండు నిమిషాల ఉడుకు మిగిలి ఉండగానే పాస్తాను సాస్‌లోకి మార్చి, ఆ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. నీళ్లలోని గంజి, సాస్‌లోని కొద్దిపాటి నూనె కలిసి చిక్కబడి ప్రతి పోగుకూ పట్టుకుంటాయి. మామూలుగా వెన్నా చీజూ ఇచ్చే నునుపు ఈ గంజి నీళ్లతో వస్తుంది.

‘సంప్రదాయ ఇటాలియన్ వంటకం’ అని నువ్వు పెట్టిన ఉపశీర్షికను సరిదిద్దుకో. ఇటలీలో మీట్‌బాల్స్‌ను, అంటే పొల్పెత్తెను, సాధారణంగా పాస్తాతో కలపకుండా విడిగా తింటారు. స్పగెట్టి మీద పెద్ద పెద్ద ఉండలు పెట్టి వడ్డించడం 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో అమెరికాకు వలస వెళ్లిన ఇటాలియన్ల మధ్య స్థిరపడిన పద్ధతి. అక్కడ వారికి మాంసం మునుపటికన్నా చవకగా దొరికింది. ఇటలీలోనే అబ్రుత్సో ప్రాంతంలో మాత్రం శనగగింజంత చిన్న ఉండలు చేసి, కిటార్రా అనే పాస్తాలో కలిపే ఆచారం ఉంది. ఈ చరిత్రను నీ వ్యాసంలో చేర్చమనడానికి కారణం అది నీ విషయానికి నేరుగా పనికి రావడమే. అన్ని చిన్న ఉండలుగా చేస్తే కొద్ది మాంసమే పళ్లెమంతా పరుచుకుని ప్రతి ముద్దలోనూ తగులుతుంది. లేదా ఉండలను సాస్‌తో, ఆకుకూరలతో ఒక పూట, పాస్తాను కూరగాయలతో మరో పూట తినమని సూచించవచ్చు.

పోషక లెక్క ఇవ్వదలచుకుంటే ఎక్కడి నుంచో ఎత్తి రాయకుండా నీ కొలతల నుంచే కట్టు. నేను పైన చెప్పిన పాళ్లతో చికెన్ కైమా ఉండ ఒక్కొక్కటి సుమారు 45 కేలరీలకు వస్తుంది. మనిషికి నాలుగు ఉండలు, 70 గ్రాముల పాస్తా, సాస్, పైన చీజ్ కలిపితే 550కి అటూఇటూ ఉంటుంది. బరువు తగ్గుతారని, ఏదో జబ్బు నయమవుతుందని రాయవద్దు. కొలతలు చెప్పు, లెక్క చూపించు. ఎవరి అవసరాన్ని బట్టి వారు నిర్ణయించుకుంటారు.

మిగిలినవాటిని ఏం చెయ్యాలో కూడా రాయాలి, ఎందుకంటే 20 ఉండలు చాలా ఇళ్లలో ఒక పూటకు ఎక్కువే. వండిన ఉండలను 2 గంటల లోపు ఫ్రిజ్‌లో పెడితే 3, 4 రోజులు నిలుస్తాయి. ఫ్రీజర్‌లో పెట్టేవారు ముందు పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, తరువాత సంచిలో వేసుకుంటే ఒకదానికొకటి అంటుకోవు. మళ్లీ వేడి చేసేటప్పుడు సాస్‌లోనే, మూత పెట్టి, నడుమ 74 డిగ్రీలకు వచ్చేదాకా వేడి చేయాలి. పాస్తాను మాత్రం ఏ పూటకాపూట ఉడికించుకోమను. ఈ మార్పులతో ఒకసారి వండి చూసి, పుట్టగొడుగులు వేయించాక ఎన్ని గ్రాములు తూగాయో, ఎన్ని ఉండలు వచ్చాయో గుర్తుపెట్టుకుని, ఆ అంకెలతో కొత్త ప్రతి పంపు.

నీ శ్రేయోభిలాషి